పన్ను బీమా

షంషుద్దీన్ చనిపోయాడని వినగానే పద్మనాభయ్య మొట్టమొదట చేసిన పని వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకోవడం. మే, జూన్, జూలై. ఆ తర్వాతే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రెండూ జరిగిన వరస తలుచుకుంటే ఆయనకే తన మీద అసహ్యం వేసింది.

కబురు తెచ్చింది మక్బూల్. ప్రొద్దుటూరు లారీ స్టాండులో టైర్లకు పంక్చర్లు వేసే మనిషి.

"జమ్మలమడుగు దాటినాక, పెన్నకు ఈ పక్కనే అయ్యోరా. వెనక చక్రం విప్పి కిందికి దూరినాడంట. జాకీ జారింది. ఆసుపత్రికి తీస్కపోయేలోపలే అయిపాయె."

"ఒంటరిగా ఎందుకు దూరినాడు? డ్రైవరు యాడున్నాడు?"

"డ్రైవర్ని మాన్పించి ఆర్నెల్లాయె గదప్పా! పాత లారీ తుక్కుకు పాయె, మిగిలింది ఒగటే, దానికి మళ్లా జీతగాడెందుకని ఆయప్పే తోలుతాండె. నీకు తెలీకుండా ఉంటాదా? లెక్కలన్నీ నీకాడే గదా ఉండేది."

అవును. లెక్కలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

పద్మనాభయ్య ఒకప్పుడు బడిపంతులు. ఆ ఉద్యోగం మానేసి పదేళ్లుగా వ్యాపారుల ఇన్‌కంటాక్సు లెక్కలు చూస్తున్నాడు. ఉద్యోగం పోయినా అయ్యోరన్న పిలుపు మాత్రం పోలేదు. ప్రొద్దుటూరులో నూనెమిల్లుల వాళ్లు, పత్తి బేరగాళ్లు, లారీల వాళ్లు, జమ్మలమడుగులో చీరల కొట్లవాళ్లు, పులివెందులలో వేరుశనగ మండీల వాళ్లు ఆయన మాట మీదే నడుస్తారు. మార్చి నెల వచ్చిందంటే ఆయన ఇంట్లో కనిపించడు. పొద్దున్నే సంచి తగిలించుకుని కొట్టుకొట్టుకూ తిరుగుతాడు. నెలాఖరులోగా ఏది కడితే ఎంత పన్ను తగ్గుతుందో అక్కడికక్కడే చెప్పేస్తాడు. బడిలో ఎక్కాలు నేర్పిన నోరు కాబట్టి చెప్పింది ఎవరికైనా ఎక్కుతుంది.

"ఏడాది మధ్యలో ఖజానాలో కిస్తులు కట్టినావే, ఆ దుడ్లు యాడికీ పోలేదు. సర్కారు కాడ నీ పేరుతో కూర్చోనుంటాయి. ఆఖర్న నీ పన్ను ఇంతని తేలితే అందులోంచి అవి తీసేస్తారు. ఎక్కువ కట్టుంటే తిరిగిస్తారు. ఇంక జీవితబీమాకు కట్టినావనుకో, ఆ కట్టిన దుడ్ల మీద పన్నే వెయ్యరు."

వచ్చిన చిక్కల్లా ఆ చివరి మాట దగ్గరే. జీవితబీమా ఎందుకో చెప్పాలంటే మనిషి చనిపోతే అని మొదలుపెట్టాలి. ఊదుకడ్డీ వెలిగించి గల్లాపెట్టె తెరిచే వేళకు కొట్లోకి వెళ్లి చావు మాట ఎత్తిన మనిషిని ఏ వ్యాపారి క్షమిస్తాడు? ఆ రోజు బేరం కాకపోతే ఆ పాపం ఆ మనిషిదే. మొదటి ఏడు అలా నోరు జారి పద్మనాభయ్య ఒక మండీలో నానా మాటలూ పడ్డాడు. మరుసటి ఏడు దానికో ఉపాయం కనిపెట్టాడు. చావు సంగతి పూర్తిగా మింగేసి, దానికి పన్ను బీమా అని పేరు పెట్టాడు. పన్ను తగ్గడానికి కట్టేది, అంతే. ఆ పేరుతో ఇట్టే అమ్ముడుపోయింది. లెక్కలు చూసేవాడే బీమా కూడా అమ్మితే బాగుండదని ఏజెన్సీ మాత్రం భార్య సీతాలక్ష్మి పేరు మీద తీసుకున్నాడు. కమీషను ఇంటికే వచ్చేది.

షంషుద్దీన్ తీసుకున్నది రెండేళ్ల కిందట, యాభై ఏడు మార్చిలో. లారీ బానెట్టు మీదే కాగితం పెట్టి రాశారు.

"ఇదేంది అయ్యోరా?"

"పన్ను బీమా. ఏడాదికి రెన్నూట నలభై. దాని మీద టాక్సు పడదు. ఇరవై ఏండ్లు కడితే అయిదువేలు నీ చేతికొస్తాయి."

"బాగనే ఉండాది. మరి ఈడ దిల్షాద్‌బీ పేరెందుకు రాస్తాండావు?"

"రాయమన్నారు, రాస్తాండా. నీకేం నష్టం?"

"నాకేం లేదు. సర్కారోళ్లకు నా పెండ్లాం పేరు తెలిస్తే ఆమెక్కూడా టాక్సేస్తారేమోనని!" అని షంషుద్దీన్ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో సంగతి దాటిపోయింది. పద్మనాభయ్య దాన్ని దాటిపోనిచ్చాడు.

ఆ ఏడూ, మరుసటి ఏడూ కట్టాడు. ఈ ఏడు మార్చిలో పద్మనాభయ్య తానే స్టాండుకు వెళ్లి చెప్పాడు. "ఈసారి వద్దులే షంషూ. తుక్కుకిచ్చిన లారీ నష్టం రాసేసరికి నీ ఆదాయం పన్ను పడే గీత కిందికొచ్చింది. పన్నే లేనప్పుడు తగ్గించుకునేదేముంది? ఆ దుడ్లు ఇంట్లో పెట్టుకో."

లెక్క ప్రకారం అందులో ఒక్క తప్పు లేదు.

షంషుద్దీన్ పొంగిపోయి వేసవిలో బుట్టెడు మామిడిపండ్లు పంపించాడు. ఆ పండ్లు కోసి పెడుతూనే సీతాలక్ష్మి అడిగింది. "షంషుద్దీన్ ప్రీమియం గడువు దాటిపోయిందండీ. ఇప్పుడు కట్టినా పాలసీని మళ్లీ నిలబెడతారంట. చెప్పి పంపేదా?"

"దసరాకు శనక్కాయల సీజను వస్తుంది. ఆదాయం లేచినప్పుడు చూద్దాం" అన్నాడు పద్మనాభయ్య, టెంక చీకుతూ.

దసరా ఇంకా రానే లేదు. గడువు దాటిన మూడో నెలలోనే షంషుద్దీన్ పోయాడు. మూడేళ్లు కట్టి ఆ తర్వాత ఆపేసి ఉన్నా కొంతైనా చేతికొచ్చేది. రెండేళ్లకే ఆపితే ఏమీ రాదు.

ఆ సాయంత్రం సీతాలక్ష్మి ఒక్కటే అంది. "కాగితాల మీద ఏజెంటును నేనే కదా. నేను పోయి చెప్పొచ్చేదా?"

"ఏమని చెబుతావు? వాళ్లకు రావలసింది ఒకటి ఉండిందని కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలీదే."

"అందుకే అడుగుతున్నా. తెలీనోళ్ల దగ్గర దాచిపెట్టడం శానా తేలిక."

పద్మనాభయ్యకు ఒళ్లు మండింది. "నేనే చెబుతాలే" అన్నాడు.

చెప్పాలనే వెళ్లాడు. పత్తి మార్కెట్టు వెనక సందులో చిన్న ఇల్లు. దిల్షాద్‌బీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడది పరాయి మగవాళ్ల కంట పడకుండా ఇంట్లోనే ఉండే గడువు అది. మధ్య గుమ్మానికి దుప్పటి తెరలా వేలాడదీశారు. తెరకు ఈ పక్క చాప మీద ఆమె తల్లి జానీబీ కూర్చుని ఉంది. జమ్మలమడుగు నుంచి వచ్చిన మరిది వలి బాషా గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"మీరొచ్చినారా అయ్యోరా" అంది తెర వెనక గొంతు. "ఆయప్ప ఎప్పుడూ అంటాండె. పైన అల్లా, కింద అయ్యోరు, నాకేం భయమని."

పద్మనాభయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఒక మాట చెప్పాలని వచ్చినా. మార్చిలో నేను..."

"ఆ మార్చి సంగతి నేనే చెబుదామనుకుంటి. మీరు మిగిల్చిన రెన్నూట నలభై రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టినాడు. అయ్యోరు మిగిల్చినాడు, ఏమన్నా కొనుక్కో అన్న్యాడు. నేను కొనుక్కోలే, దాచిపెడితి. మొన్న కఫన్‌కూ, గోరీ తవ్వినోళ్లకూ ఆ దుడ్లే అక్కరకొచ్చె. లేకుంటే ఎవురికాడ చెయ్యి సాపాల్సి వస్తాండెనో. ఆ పుణ్యం మీదే."

ఆ ప్రీమియం కట్టి ఉంటే అయిదువేలు. కట్టనివ్వకపోబట్టి ఒక గుడ్డా, ఒక గొయ్యి. దానికి ఈమె చేతులెత్తి దండం పెడుతోంది.

"ఏందో చెప్పబోతివే" అన్నాడు వలి బాషా.

అప్పుడు పద్మనాభయ్యకు ఒక దారి కనిపించింది. సంచీ పట్టుకుని బతికే మనిషికి ఎప్పుడూ కనిపించే దారే అది. లెక్కల్లోకి పారిపోవడం.

"పోయినేడు మూడు కిస్తులు పన్ను ముందుగానే కట్టినాడమ్మా. జూన్‌లో, సెప్టెంబరులో, డిసెంబరులో. అప్పటికి రెండు లారీలూ తిరుగుతాండె. తీరా ఏడాది లెక్క తేలేసరికి ఆయన కట్టాల్సిన పన్నే లేదు. అంటే ఆ కట్టిందంతా మీకు తిరిగి రావాల. మనిషి పోయినా ఆ దుడ్లు పోవు. వారసులు అడిగి తీసుకోవచ్చు. మూడునూర్లపైన వస్తాయి."

వలి బాషా బీడీ పక్కన పడేశాడు. "అంటే సర్కారే మనకు బాకీనా? ఈ మాట స్టాండులో చెప్తే నవ్వుతారప్పా నన్ను!"

"నవ్వనీలే. నేను తెప్పిస్తా."

తెర వెనక దిల్షాద్‌బీ ఏడుస్తూ ఉర్దూలో ఏదో దువా చేసింది. జానీబీ లోపలికెళ్లి చక్కెర పట్టుకొచ్చి ఆయన చేతిలో పోసింది. పద్మనాభయ్య ఆ చక్కెరను వీధి మలుపు దాకా గుప్పిట్లో పట్టుకుని నడిచి, అక్కడ కాలవలో వదిలేశాడు. ఇంటికొచ్చాక సీతాలక్ష్మి అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు.

తర్వాతి మూడు నెలలు ఆయన తిరిగినట్టు ఏ గుమస్తా తిరిగి ఉండడు. కడప ఆఫీసుకు బస్సెక్కడం, దిగడం. ఖజానా చలాన్ల నకళ్లు, చావు సర్టిఫికెట్టు, వారసుల సంతకాలు. షంషుద్దీన్ పేరు రెండు చలాన్లలో ఒకలా, మూడోదాంట్లో ఇంకోలా ఉంటే దానికో అఫిడవిట్టు. కడప ఆఫీసరు చివరికి ఫైలు మూసి, "ఫీజు బాగా ముట్టజెబుతున్నారా ఏమిటి?" అన్నాడు నవ్వుతూ. పైసా తీసుకోవడం లేదని తెలిసి, "మీలాంటివాళ్లు అరుదండీ" అన్నాడు. ఆ మెప్పు పద్మనాభయ్యకు చెంపదెబ్బలా తగిలింది. పని చేస్తున్నంతసేపూ గుండె తేలికగా ఉండేది. బస్సు ప్రొద్దుటూరు పొలిమేర దాటి, స్టాండులో ఆగి ఉన్న షంషుద్దీన్ లారీ కనపడగానే మళ్లీ బరువెక్కేది.

ఆ లారీ మీద ఒక సేటుకు మూడువేలు బాకీ ఉంది. నెలనెలా కట్టేవాడు లేడు. నవంబరు చివర్లో సేటు మనిషి వచ్చి, బాకీ కింద లారీ వదిలేస్తే పైన నాలుగునూర్లు చేతికిస్తానన్నాడు. ఆ కాగితం చదివి చెప్పమని పద్మనాభయ్యను పిలిపించారు.

అదే ఇల్లు, అదే తెర. సేటు మనిషి కాగితంతో గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఇచ్చెయ్ వొదినా" అంటున్నాడు వలి బాషా. "డ్రైవర్ని పెట్టాలంటే జీతమియ్యాల. సేటు కిస్తు కట్టాల. యాడ తెస్తాం? తప్పు మనది కాదు. మా అన్నదే. వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టినాడు. రేపు నాకేమన్నా అయితే పెండ్లాం గతేందని ఒక్కనాడు ఆలోచించినోడా?"

జానీబీ కూడా తల ఊపింది.

తెర వెనక నుంచి దిల్షాద్‌బీ మెల్లగా అంది. "నిజమేలే. నేనూ అదే అనుకుంటాండా. నవ్వుతా తిరిగినాడు గానీ, నన్ను గురించి తలుచుకోలే ఆయప్ప."

ఆ గొంతులో కోపం లేదు. అంతకన్నా కష్టమైనదేదో ఉంది. పద్మనాభయ్య అన్నిటికీ సిద్ధపడి వచ్చాడు గానీ దీనికి కాదు. అయిదువేలు పోగొట్టాడు, సరే. ఇప్పుడు చచ్చిపోయిన మనిషి మీద భార్యకున్న నమ్మకం కూడా తన నోరు మూసుకోవడం వల్లే పోతోంది.

"ఆ మాట అనొద్దమ్మా" అన్నాడు. "షంషుద్దీన్ నీ పేరు మీద బీమా కట్టినాడు. రెండేండ్లు కట్టినాడు. మూడో ఏడు కట్టనీకుండా మాన్పించింది నేను."

వలి బాషాకు ముందు అర్థం కాలేదు. "ఏ బీమా? టాక్సు తగ్గేదానికి కడతాండె, అదా?"

"అదే. అది టాక్సు బీమా కాదు. మనిషి చనిపోతే ఇంట్లోవాళ్లకు అయిదువేలు ఇచ్చే బీమా. పొద్దున్నే కొట్లల్లో చావు మాట ఎత్తకూడదని నేను ఎవరికీ ఆ సంగతి చెప్పేవాణ్ని కాదు. పన్ను తగ్గుతుందని మాత్రం చెప్పేవాణ్ని. ఈ ఏడు పన్ను లేదు కాబట్టి కట్టొద్దన్నా. తర్వాత కట్టేదానికి అవకాశముండె. సీజను రానీలే అనుకున్నా."

వలి బాషా ఒక్క ఊపున లేచాడు. "అయ్యోరా, లెయ్ పైకి! చక్కెర తినిపోతివే ఈ ఇంట్లో! లెయ్!"

"వలీ, కూర్చో" అంది దిల్షాద్‌బీ. వలి బాషా కూర్చోలేదు గానీ చెయ్యి దించాడు.

"అది సావుకు పనికొచ్చే బీమా అని ఆయప్పకు తెలుసునా?"

"తెలీదమ్మా."

"నీకు తెలుసు."

"తెలుసు."

అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వు అనడం పద్మనాభయ్య గమనించాడు.

"చెప్పింటే కట్టేటోడా?"

పద్మనాభయ్యకు చాలా ఏళ్లుగా ఆ మనిషి తెలుసు. డ్రైవరు జీతం మిగుల్చుకుని సేటు కిస్తు ఒక్కటి తప్పించని మనిషి. "కట్టేవాడు. అప్పు చేసైనా కట్టేవాడు" అన్నాడు.

"కట్టింటే లారీ మాకే ఉంటాండె."

"ఉండేది."

జానీబీ కూతురి దగ్గరికి లోపలికి వెళ్లిపోయింది. సేటు మనిషి చెప్పులు వెతుక్కుంటున్నట్టు నేల చూపులు చూస్తున్నాడు. లోపలి నుంచి దిల్షాద్‌బీ అంది. "ఆ కాగితం చదివి చెప్పేదానికి గదా నిన్ను పిలిచింది. చదువు."

పద్మనాభయ్య చదివాడు. బాకీ సరిపెట్టుకుని పైన ఇచ్చేది నాలుగునూర్లు కాదు, అయిదునూర్ల యాభై ఇవ్వాల్సి ఉంటుందని వడ్డీ లెక్క తేల్చి చెప్పాడు. సేటు మనిషి గొణిగి ఒప్పుకున్నాడు. దిల్షాద్‌బీ తెర కింద నుంచి చెయ్యి చాపి సంతకం పెట్టింది. లారీ పోయింది.

సంగతి మరునాడు స్టాండంతా పాకింది. ఆ వారంలో పద్మనాభయ్య అరుగు మీదికి జనం వరసగా వచ్చారు. "నాకూ పోయినేడు వద్దంటివే, నాదీ పోయిందా?" అని ఒకడు. "నేను చస్తే నా తమ్ముడికి పోతాదా ఆ దుడ్లు? పేరు మార్చు ముందు!" అని ఇంకొకడు. అడిగిన ప్రతి మనిషికీ ఆయన మొహం మీదే, నువ్వు చనిపోతే అని మొదలుపెట్టి అంతా విప్పి చెప్పాడు. సగంమంది తిట్టి లెక్కలు వేరేవాళ్ల దగ్గరికి పట్టుకుపోయారు. సీతాలక్ష్మి ఏజెన్సీ వదులుకుంటున్నట్టు తానే అర్జీ రాసుకుని, "నా పేరు ఇంక దేనికీ వాడొద్దండీ" అని మాత్రం చెప్పింది.

రీఫండు వోచరు అరవైలో, ఫిబ్రవరిలో వచ్చింది. మూడువందల డెబ్బై రెండు రూపాయలు. దిల్షాద్‌బీ అప్పటికి ప్రొద్దుటూరు ఇల్లు ఖాళీ చేసి తల్లితో పులివెందులకు వెళ్లిపోయింది. పోస్టులో పంపవచ్చు. పద్మనాభయ్య బస్సెక్కి తానే వెళ్లాడు. ఎందుకు వెళ్తున్నాడో ముద్దనూరు దాటేదాకా తనకు తాను ఒప్పుకోలేదు. ఆ వోచరు ఆమె చేతిలో పెడితే, ఆమె ఒక్క మంచి మాట అంటుందేమోనని.

ఇద్దత్ అయిపోయింది. తెర లేదు. తలుపు దగ్గర కొంగు తల మీదికి లాక్కుని నిలబడిన దిల్షాద్‌బీ ముఖాన్ని ఆయన మొదటిసారి చూశాడు. ఇంత చిన్న వయసని అనుకోలేదు. వెనక గదిలో కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు కనిపించాయి.

వోచరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది యాడ మార్చుకోవాల?"

"ఈ ఊరి ఖజానాలోనే ఇస్తారమ్మా. నేను తోడొస్తా."

"వద్దు. వలి వస్తాడు." వోచరు మడిచి పట్టుకుని, "నీ ఫీజెంత?" అంది.

"ఏం వద్దమ్మా."

"వేరే వాళ్లకైతే ఎంత తీసుకుంటావు?"

"అదీ... పది రూపాయలు. కానీ నాకు వద్దు. దయచేసి..."

దిల్షాద్‌బీ లోపలికెళ్లి వచ్చింది. పది రూపాయల నోటు ఆయన ముందు గడప మీద పెట్టింది.

"తీసుకో అయ్యోరా. ఉత్తగా చేసినావంటే, నాకూ నీకూ సరిపోయిందని అనుకుంటావు. సరిపోలే."

పద్మనాభయ్య వంగి ఆ నోటు తీసుకున్నాడు. జేబులో పెట్టుకునేదాకా ఆమె చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికెళ్లి మిషను ముందు కూర్చుంది.